దువ్వెనలపేట ఎవరిది?

అనగనగా ఒక మహారాజు. ఆయన తల మీద కిరీటం ఉండేది. కిరీటం కింద జుట్టు మాత్రం ఉండేది కాదు. పేరు మకుటవర్మ. ఏలేది కలువకొండ పట్నం.

ఆ పట్నంలో తూర్పు కోటగోడ పక్కన దువ్వెనలపేట అని ఒక పేట ఉండేది. జుట్టు లేని రాజు ఏలుబడిలో దువ్వెనల పేట ఏమై ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. అయినా చెబుతాను, వినండి.

ఒకప్పుడు ఆ పేట పేటలా ఉండేది. తెల్లవారేసరికి ఇంటింటా రంపాలు కర్రు కర్రుమని దువ్వెనల కోసం కొమ్ములు కోసేవి. ఎండెక్కేసరికి దువ్వెన పళ్ళకు నూనె రాసి నునుపు పెట్టేవారు. పొద్దు వాలితే ఆడవాళ్ళందరూ వీధిలో ఒకరి వెనక ఒకరు కూర్చుని తలలు దువ్వుకునేవారు. తలలో చిక్కు తీస్తూ ఊళ్ళో చిక్కులన్నీ చెప్పుకునేవారు. కోటలో రాణిగారికి దగ్గు వస్తే ఆ సంగతి రాజవైద్యుడి కంటే ముందు దువ్వెనలపేటకు తెలిసేది. పెళ్ళికూతురి తల దువ్వడానికి ఆ పేట దువ్వెన రాకపోతే, ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు ఎంత మొత్తుకున్నా పీటల దగ్గర ఒక్కరూ కదిలేవారు కాదు.

ఆ తర్వాత కోట గుమ్మం ముందు కొత్త బజారు పడింది. కొనేవాళ్ళు అటు పోయారు. అమ్మేవాళ్ళు కొనేవాళ్ళ వెంట పోయారు. మిగిలినవాళ్ళు ఏం చేశారంటారా? తప్పంతా పక్కింటివాళ్ళదేనని తేల్చుకుని ఇళ్ళలో కూర్చున్నారు.

బావి పూడింది. దీపస్తంభాలు ఒరిగాయి. వీధిలో గడ్డి మొలిచింది. పొద్దు వాలితే ఎవరి చిక్కు వాళ్ళు, తలుపు వేసుకుని, ఇంట్లోనే తీసుకునేవారు.

ఆ పేటలో పేరిందమ్మ అని దువ్వెనలు చేసే ఒక ఆవిడ ఉండేది. చాలా మంచి మనిషి. ఆ సంగతి ఆవిడే అందరికీ చెప్పేది. పుట్టిల్లు వీధికి ఈ పక్క, అత్తిల్లు ఆ పక్క. పెళ్ళయి అత్తవారింటికి పంపుతుంటే వెక్కి వెక్కి ఏడ్చిందట. ఏడుపు ఆపుకునేలోపే చేరిపోయిందట. ఆవిడకు లోకమంటే ఆ వీధే.

ఒకనాడు వీధి మొగలో దండోరా మోగింది.

"వినండహో! మహారాజుగారి ఏనుగులకు చోటు చాలడం లేదహో! దువ్వెనలపేట పాడుపడి ఉందహో! కార్తీక పౌర్ణమికి ప్రభువులు స్వయంగా వచ్చి చూస్తారహో! అప్పటికి పేట కళకళలాడుతుంటే సరి. లేదంటే ఇళ్ళు పడగొట్టి గజశాల కడతారహో!"

గుమ్మంలో కూర్చున్న అంకయ్య, "ఏనుగులకు జుట్టుంటుందా? దువ్వెనలు కొంటాయా?" అని అడిగాడు. ఆ పేటలో బేరం గురించి ఆలోచించే మనిషి అప్పటికి ఆయనొక్కడే మిగిలాడు.

పేరిందమ్మ చేతిలో పని పక్కన పెట్టింది. ఇల్లు పోతే ఇంకో ఇల్లు దొరుకుతుంది. వీధి పోతే ఎక్కడ దొరుకుతుంది? నలుగురూ నాలుగు దిక్కులకు పోతే, ఏ ఊళ్ళో కూర్చుని, ఎవరి తల దువ్వుతూ, ఎవరి మీద చెప్పుకోవాలి? కొంగు బిగించి బయలుదేరింది.

మొదట రాతిపనివారి సంఘానికి వెళ్ళింది. ఆ సంఘం పెద్ద పెదసోములు. ఉలి చప్పుడుకు చెవులు దిబ్బడ వేసి, తనతో తాను మాట్లాడినా అరిచే మాట్లాడేవాడు.

"మా పేట బావి పూడిపోయింది సోములుగారూ. మీ సంఘం ఒక చెయ్యి వేస్తే మా పేట బతుకుతుంది" అంది పేరిందమ్మ.

"మా సంఘం చెయ్యి వేస్తే బావేంటమ్మా, సముద్రమైనా తవ్వుతుంది!" అని అరిచాడు పెదసోములు.

తర్వాత నూనె గానుగల సంఘానికి వెళ్ళింది. ఆ సంఘం పెద్ద గంగునాయుడు. గానుగెద్దు ఒక చుట్టు తిరిగేసరికి ఒక మాట మాట్లాడేవాడు.

"మా పేటలో దీపాలు లేవు నాయుడుగారూ" అంది.

ఎద్దు ఒక చుట్టు తిరిగింది. "పెడదాం" అన్నాడు. ఇంకో చుట్టు తిరిగింది. "మా సంఘం పేరు మీద" అన్నాడు.

చివరికి వర్తకుల సంఘానికి వెళ్ళింది. ఆ సంఘం పెద్ద రత్నసెట్టి. ఎదుటివాడు ఆవులించినా అందులో తనకేమైనా లాభముందా అని చూసే మనిషి.

"మా పేటలో కూర్చుని అమ్ముకోవడానికి నీడ లేదు సెట్టిగారూ" అంది.

"మా సంఘం మండపమే కట్టిస్తుంది. అయితే అది మాదేనని తెలిసేట్టు శాసనం ఉండాలి. చెట్టు చాటున కాదు, ఎదురుగా" అన్నాడు రత్నసెట్టి.

చెప్పినట్టే అందరూ వచ్చారు. బావి తవ్వారు. దీపస్తంభాలు నిలబెట్టారు. మండపం కట్టారు. ముగ్గురూ మూడు రాళ్ళు పాతించారు. "ఇది మా బావి", "ఇవి మా దీపాలు", "ఇది మా మండపం" అని వాటి మీద చెక్కించారు. రాతిపనివాళ్ళ చేతిలో రాయి ఉంది కాబట్టి వాళ్ళ శాసనం మిగతావాటి కంటే ఎత్తుగా వచ్చింది. బావి కంటే కూడా కాస్త పెద్దదిగానే వచ్చింది.

పేరిందమ్మ పొంగిపోయింది. పొంగు ఎక్కువ రోజులు నిలవలేదు.

ముందు బావి తాడు తెగింది. పేరిందమ్మ పక్కింటి సింగారమ్మను పిలిచింది.

"వదినా, నీ పెరట్లో మంచి తాడుందిగా. బావికి వెయ్యకూడదూ?"

"వాళ్ళ బావికి నేనెందుకమ్మా తాడు వెయ్యడం? మా బావి అని అంత పొడుగు రాయి పాతారుగా. ఆ రాయితోనే తోడుకోమను" అంది సింగారమ్మ. అని, బిందె చంకన పెట్టుకుని ఎప్పటిలా కోట బయటి వాగుకు పోయింది.

తర్వాత ఒక సాయంత్రం గాలి వీచి దీపాలు ఒక్కొక్కటే కొండెక్కాయి. అంకయ్య సరిగ్గా స్తంభం కిందే కూర్చుని ఉన్నాడు. "ఆరిపోతున్నాయర్రా, ఆరిపోతున్నాయి" అని అందరికీ తెలిసేట్టు చెప్పాడు. లేచి చెయ్యి అడ్డం మాత్రం పెట్టలేదు. "గానుగలవాళ్ళ దీపాలు. మనం ముట్టుకుంటే ఏమనుకుంటారో" అన్నాడు. ఆయన మర్యాదస్తుడు. ముఖ్యంగా లేవవలసి వచ్చినప్పుడు.

మండపంలో మనుషులెవరూ కూర్చోలేదు. మేకలు కూర్చున్నాయి. మేకలకు చదువు రాదు కాబట్టి శాసనం చదవలేదు.

పౌర్ణమి దగ్గర పడుతోంది. గజశాలకు ఆ చోటు పనికొస్తుందో లేదో చూసి రమ్మని కోట నుంచి ముత్యాలి అనే ముసలి ఆడ ఏనుగును పంపారు. ఆ రోజుల్లో ఏనుగులు మాట్లాడేవి. వాటికి తీరిక ఉండేది.

ముత్యాలికి దాహం వేసింది. బావి దగ్గర తొండం చాచింది. శాసనానికి కాపలా ఉన్న రాతిపనివాడు, "ఆగాగు! ఇది మేం తవ్విన బావి!" అన్నాడు. ఏనుగు వెనక్కి తగ్గి స్తంభానికి ఒళ్ళు రుద్దుకోబోయింది. గానుగ మనిషి పరుగున వచ్చి, "ఇది మేం నిలబెట్టిన స్తంభం!" అన్నాడు. పోనీ నీడకని మండపం వైపు నడిచింది. వర్తకుల గుమాస్తా చేతులు అడ్డం పెట్టి, "ఇది మేం కట్టిన మండపం!" అన్నాడు.

ఈలోగా పేరిందమ్మ చీపురు పట్టుకుని వీధిలోకి వచ్చింది.

"ఇది మేం పుట్టి పెరిగిన పేట! నీకిక్కడేం పనే? నడు!"

ముత్యాలి అందరి వంకా నెమ్మదిగా చూసింది.

"తప్పయింది తల్లీ. మనుషుల పేట అని చెప్పి పంపారు. ఇది మేకల పేటని నాకు తెలియదు."

"మేకల పేటా? కళ్ళు కనబడడం లేదా నీకు?"

"చెవులు వినబడుతున్నాయమ్మా. వచ్చినప్పటినుంచీ చూస్తున్నాను, ఎవరు నోరు తెరిచినా మే... మే... మే... నిజం మేకలు ఆ మండపంలో ఉన్నాయి. అవే కాస్త నెమ్మదిగా ఉన్నాయి."

అని ముత్యాలి చెవులు విసురుకుంటూ వెళ్ళిపోయింది.

పేరిందమ్మకు ఒళ్ళు మండింది. ఏనుగు చేత మాట పడినందుకు కాదు. ఆ మాట నిజమని తోచినందుకు. చీపురు గోడకు ఆనించి గుమ్మంలో చతికిలబడింది.

అత్తగారి రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు ఇంటింటా చిన్న రంపాలున్నా, పెద్ద కొమ్ములు కోసే రంపం మాత్రం పేట మొత్తానికి ఒక్కటే ఉండేది. తెల్లవారితే అత్తగారు వీధిలో నిలబడి, "మన రంపం ఎవరింట్లో ఉందే?" అని కేకవేసేది. ఏదో ఒక ఇంట్లోంచి, "మనింట్లోనే ఉంది పిన్నీ!" అని జవాబు వచ్చేది. ఆ ఇల్లు ఎవరిదో ఎవరూ అడిగేవారు కాదు. రంపం పదును పోతే ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే పదును పెట్టేవారు. ఒకనాడు దాని పన్ను విరిగింది. ఎవరు విరిచారన్న మాట పుట్టింది. మర్నాటి నుంచి మా రంపం, మీ రంపం అని ఇంటికొకటి వచ్చింది. రంపాలు పెరిగాయి. పేట తరిగింది.

'మన' అంటే చెప్పేవాళ్ళూ ఉంటారు, వినేవాళ్ళూ ఉంటారు. 'మా' అంటే వినేవాళ్ళు గుమ్మం బయటే. తను మూడు సంఘాలకూ వెళ్ళి ఏమంది? మా పేట, మా పేట, మా పేట. మనిషిని గుమ్మం బయట నిలబెట్టి, అక్కణ్ణుంచే ఇల్లు ఊడ్చిపొమ్మన్నట్టు! వాళ్ళు మాత్రం మా బావి అనక ఏమంటారు?

పేరిందమ్మ లేచి పక్కింటికి వెళ్ళింది.

"వదినా, మన బావికి తాడు లేదే."

సింగారమ్మ అటూ ఇటూ చూసింది. "ఎవరి బావి?"

"మనదే. నీదీ నాదీ, తవ్వినవాళ్ళదీను."

"ఆ రాయి అలా అనడం లేదే."

"రాయి సంగతి నేను చూస్తాను. తాడు సంగతి నువ్వు చూడు."

సింగారమ్మ సణుక్కుంటూనే తాడు విప్పింది. సణగకుండా సింగారమ్మ ఏ పనీ చేయదు. అది ఆవిడకు ఊపిరి.

పేరిందమ్మ మళ్ళీ మూడు సంఘాలకూ వెళ్ళింది.

"సోములుగారూ, మన బావి గట్టు కదులుతోంది. రండి, ఏం చేద్దామో చూద్దాం" అంది. పెదసోములు వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారా అని చూసుకున్నాడు. ఎవరూ లేరు. చెవులు దిబ్బడ వేసిన మనిషికి ఆ ఒక్క మాటా బాగానే వినబడింది. గంగునాయుడితో, "మన దీపాలకు వత్తులు మనవాళ్ళు చేస్తారు. మీరు వచ్చి మొదటి దీపం వెలిగించండి" అంది. ఎద్దు సగం చుట్టు కూడా తిరగకముందే నాయుడు చెప్పులు వేసుకున్నాడు. రత్నసెట్టితో, "మన మండపంలో గాజులవాళ్ళనూ పూసలవాళ్ళనూ మీరు కూర్చోపెట్టండి, దువ్వెనలతో మేము... అబ్బే, దువ్వెనలతో మనవాళ్ళు కూర్చుంటారు" అని నాలుక కరుచుకుంది.

మూడు శాసనాలనూ పీకి, బోర్లా వేసి, బావి చుట్టూ పరిచారు. "అక్షరాలు ఎంత బాగా కుదిరాయమ్మా!" అని పెదసోములు వీధి చివరిదాకా వినబడేట్టు వాపోయాడు. "నేల తల్లి చదువుకుంటుందిలెండి" అంది సింగారమ్మ.

రాయి పీకడం తేలిక. నాలుక మీది మాట పీకడం కష్టం. అందుకని పేరిందమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. పేటలో ఉన్నవాటిని ఎవరైనా 'మా' అన్నా, 'మేం' అన్నా, వీధి నడుమ నిలబడి ఒకసారి మేకలా అరవాలి. అంకయ్య లేచి, "మా ఆవిడ అన్నా అరవాలా?" అని అడిగాడు. ఆవిడ విషయంలో మాత్రం 'మా' అనే అనాలని అందరూ ఒక్క గొంతుతో తీర్మానించారు.

మొదట దొరికింది రత్నసెట్టి. బేరమాడుతున్నట్టు సన్నగా అరిచాడు. పిల్లలు ఒప్పుకోక మళ్ళీ అరిపించారు. తర్వాత గంగునాయుడు అరిచాడు. అది మేక కాదు, ఎద్దేనని చాలామంది అన్నారు. పెదసోములు అరిస్తే కోటగోడ అవతల నిజం మేకలు మేత మానేశాయి. అందరికంటే ఎక్కువసార్లు అరిచింది మాత్రం పేరిందమ్మే. ఆవిడకు అలవాటు పాతది.

ఆ నవ్వులు విని అవతలి వీధులవాళ్ళు తొంగి చూశారు. చూసినవాళ్ళు లోపలికి వచ్చారు. వచ్చినవాళ్ళు బావి నీళ్ళు తాగారు, గాజులు తొడిగించుకున్నారు, దువ్వెన కొన్నారు. గాలి వీస్తే ఎవరి గుమ్మం ముందున్న దీపానికి వాళ్ళే చెయ్యి అడ్డం పెట్టారు. పొద్దు వాలితే ఆడవాళ్ళు మళ్ళీ వీధిలో ఒకరి వెనక ఒకరు కూర్చున్నారు. ఎన్నేళ్ళుగానో దాచుకున్న కబుర్లు. వరస చాలా పొడుగ్గా వచ్చింది.

కార్తీక పౌర్ణమి వచ్చింది. మకుటవర్మ మహారాజు ముత్యాలి మీద ఎక్కి వచ్చాడు. వెనక పల్లకీలో మంత్రి దీర్ఘదర్శి వచ్చాడు. అప్పటికున్న గజశాల ఆ మంత్రిగారి ఇంటి పక్కనే ఉండేది. గాలి అటు తిరిగినప్పుడల్లా ఆయన పూలతోటలో మల్లెల వాసన రావడం మానేసేది. పేరుకు దీర్ఘదర్శే గాని, ఆయన చూపు తన తోట ప్రహరీ దాకా వెళ్ళి ఆగేది.

మహారాజు బావి చూశాడు. "ఈ బావి ఎవరిది?"

"మనది ప్రభూ" అంది సింగారమ్మ.

"ఈ దీపాలు?"

"మనవే ప్రభూ" అన్నాడు అంకయ్య. ఈసారి లేచి నిలబడే అన్నాడు.

"ఈ మండపం?"

"మనదే" అన్నారు సంఘాల పెద్దలు ముగ్గురూ.

దీర్ఘదర్శి పల్లకీలోంచి తల బయటపెట్టాడు. "విన్నారా ప్రభూ? ఇది నాదని చెప్పేవాడు ఒక్కడూ లేడు. యజమాని లేని చోటు కోటకే చెందుతుంది. ఇక పడగొట్టించవచ్చు."

మహారాజు తల ఊపాడు. ఆయనకు మంత్రి ఏం చెప్పినా తల ఊగేది. కిరీటం బరువు వల్ల అని కొందరంటారు. "అలాగే కానివ్వండి. ఇది మా ఆజ్ఞ..."

పిల్లలు ఫక్కుమన్నారు.

వీధి అంతా బిగుసుకుపోయింది. తల్లులు పిల్లల నోళ్ళు మూశారు. భటులు బల్లేలు సవరించుకున్నారు.

"ఎందుకు నవ్వారు?" అన్నాడు మహారాజు. చెయ్యి తెలియకుండానే కిరీటం మీదికి పోయింది.

పెదసోములు నేలమీది రాయి చూశాడు. గంగునాయుడు దీపం చూశాడు. రత్నసెట్టి ఎవరి వెనకైనా నిలబడదామని చూశాడు. 'ఏమీ లేదు ప్రభూ, పిల్లకాయలు' అంటే సరిపోతుంది. కాని మహారాజు మొహం చూస్తే, వాళ్ళు తన బట్టతలను చూసి నవ్వారని ఆయన అనుకుంటున్నట్టు పేరిందమ్మకు తెలిసిపోయింది. అబద్ధం చెబితే పేట పోతుంది. నిజం చెబితే తల పోతుందేమో. ఆవిడ చేతులు కట్టుకుని ముందుకు వచ్చింది.

"ప్రభూ, ఈ పేటలో ఒక కట్టుబాటు ఉంది. 'మా' అన్నవాళ్ళు మేకలా అరవాలి. తమరు మా ఆజ్ఞ అన్నారు. అందుకే నవ్వారు."

"దీని నాలుక కోయించండి!" అన్నాడు దీర్ఘదర్శి.

మహారాజు చెయ్యెత్తి ఆపాడు. "మరి ఏమనాలి?"

"మన అనాలి ప్రభూ."

"అయితే ఇందాక బావి ఎవరిదని అడిగితే మనది అన్నారే. అందులో నన్ను కూడా కలుపుకునే అన్నారా?"

"తమరు ఎదురుగా ఉండి అడుగుతుంటే, తమరిని వదిలేసి ఎలా అంటాం ప్రభూ? మన అంటే వినేవాళ్ళు కూడానూ."

మహారాజు మెల్లగా ఏనుగు దిగాడు.

"నాకు జుట్టున్న రోజుల్లో, చిన్నప్పుడు, నా దాది నన్ను ఈ వీధికి తీసుకొచ్చేది. ఎవరో ఒక ముసలావిడ, 'మన పిల్లాడే, ఇలా కూర్చోపెట్టు' అని నా తల దువ్వింది. నొప్పి పెట్టలేదు. ఆ తర్వాత కిరీటం పెట్టారు. అప్పటినుంచీ అందరూ మీ కోట, మీ సింహాసనం, మీ ఏనుగులు అంటారు. రాణి కూడా కొడుకు అల్లరి చేస్తే మీ కొడుకు అంటుంది. నాతో మన అన్నవాళ్ళు మళ్ళీ ఇవాళే కనబడ్డారు."

అని కలువకొండ పట్నాన్నేలే మకుటవర్మ మహారాజు వీధి నడుమ నిలబడి, గొంతు సవరించుకుని, "మే..." అన్నాడు.

ఎవరికీ నవ్వే ధైర్యం లేకపోయింది. అంతలో మండపం వెనక నుంచి ఒక మేక జవాబిచ్చింది. అప్పుడు అందరికంటే ముందు నవ్వింది మహారాజే.

"దీర్ఘదర్శీ, మన పేటను మనమే ఎలా పడగొట్టుకుంటాం?" అన్నాడు నవ్వు ఆపుకుంటూ.

"చిత్తం ప్రభూ. మరి మీ ఏనుగులు..."

"మన ఏనుగులు."

"చిత్తం. మన ఏనుగులు ఎక్కడ ఉంటాయి?"

"దానికేం? పాత గజశాల పక్కనే మన పూలతోట ఉందిగా. గోడ తీయిస్తే బోలెడంత చోటు."

"అయ్యో ప్రభూ, అది మా తోట!" అన్నాడు మంత్రి.

అన్నాక తెలిసింది. దువ్వెనలపేట మొత్తం, సంఘాల పెద్దలూ, భటులూ, ముత్యాలీ, ఎంతో మర్యాదగా, ఒక్క మాటా మాట్లాడకుండా, ఆయన వంకే చూస్తూ నిలబడ్డారు. మంత్రి పల్లకీ దిగక తప్పలేదు.

కాబట్టి పిల్లలూ, పదిమంది చేతులు పడి లేచినదాన్ని 'మాది' అన్ననాడు అది ఎవరిదీ కాకుండా పోతుంది. 'మనది' అన్ననాడే అది నిలబడుతుంది.